ఉప్పుగాలిలో యాషికా

పలాస స్టేషన్లో ఏసీ బోగీ దిగిన పాత కెమెరాకి మొదటి జబ్బు ప్లాట్‌ఫారం మీదే పట్టుకుంటుంది. రాత్రంతా చల్లబడిన గాజుకి, లోహానికి బయటి ఉక్కగాలి తగలగానే లెన్సు మీద తెల్లగా ఆవిరి కమ్ముతుంది. పైన కమ్మింది కనపడుతుంది. లోపల గాజుబిళ్లల మధ్య, షట్టర్ రేకుల మీద కమ్మింది కనపడదు. ఆ తడి తరచుగా చేరుతూ ఆరకుండా ఉంటే కొన్నాళ్లకి లెన్సులో ఫంగస్ అల్లుకుంటుంది. బ్యాగు జిప్పు తీయకుండా ఓపిక పట్టడమే దీనికి మందు. స్టేషన్ బయట టీ తాగి, టిఫిన్ చేసి, కాశీబుగ్గలో పని చూసుకుని, బ్యాగులో చెయ్యి పెడితే లోహం చల్లగా తగలనప్పుడు కెమెరా బయటికి తీయాలి. ఆత్రపడి చొక్కా కొసతో తుడిస్తే లోపలి తడి ఆరదు సరికదా లెన్సు పైపూత మీద గీతలు పడతాయి.

నేను మోసుకు తిరిగేది యాషికా మ్యాట్ 124జి. ఈ మోడల్ 1970 నుంచి 1986 దాకా జపాన్‌లో తయారైంది. రెండు లెన్సులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పైది చూడటానికి, కిందిది తీయడానికి. నడుం దగ్గర పట్టుకుని, తల వంచి, మూతలోని గాజుతెర మీద బొమ్మ చూసుకోవాలి. కుడి ఎడమలు తారుమారై కనిపిస్తాయి. రీలుకి 12 ఫొటోలు. ఒక్కో నెగెటివ్ 6 సెంటీమీటర్ల చదరం. మామూలు 35 ఎం.ఎం. నెగెటివ్ కంటే విస్తీర్ణంలో మూడున్నర రెట్లకు పైమాటే. జీడితోటలో ఆకు ఈనె దగ్గర్నుంచి, వల అల్లే మనిషి గోటి కింద మట్టి దాకా అందులో నిలబడుతుంది.

ఆ 120 సైజు రీలుని కొడాక్ 1901లో తెచ్చింది. నూట ఇరవై ఏళ్లు దాటినా ప్రపంచంలో ఇంకా తయారవుతోంది. మన దేశంలో దాన్ని ఇంటింటికీ చేర్చింది ఆగ్ఫా క్లిక్-3 లాంటి చవక కెమెరాలు. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ రీళ్లూ ఉండేవి. చిన్న ఊళ్ల స్టూడియోల్లో మాత్రం రాజ్యం రెండు లెన్సుల యాషికాలదే. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫొటోలు, బారసాలలు, చివరికి చనిపోయినవాళ్లని కూర్చోబెట్టి తీసే ఆఖరి ఫొటో కూడా వాటితోనే తీసేవారు.

పలాస చుట్టుపక్కల తీరప్రాంతమైన ఉద్దానం పేరు పేపర్లో వస్తే కిడ్నీ జబ్బుతో వస్తుంది, లేకపోతే తుపానుతో వస్తుంది. ఆ రెండూ నిజాలే, రాయవలసినవే. వాటితో పాటు కవిటి కొబ్బరినీ, వజ్రపుకొత్తూరు జీడినీ, సముద్రం మీదికెళ్లే పడవల్నీ తీరిగ్గా చూసే ఫొటోలు కావాలని నా ఆశ. అందుకే బ్యాటరీ లేకపోయినా నడిచే కెమెరా పట్టుకుని ఈ తీరం తిరుగుతుంటాను. తిరిగే కొద్దీ నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. దారిలో పాత కెమెరా మొరాయిస్తే దాన్ని విప్పకూడదు. ఏది పోయిందో తేల్చుకుని, పోనివాటితో పని కానిచ్చుకోవాలి. ఈ ప్రాంతపు స్టూడియోవాళ్లు దశాబ్దాల పాటు చేసింది అదే. వాళ్లకి విశాఖపట్నం పంపి నెల రోజులు ఆగే వీలెక్కడిది? ముహూర్తం ఆగదు కదా.

కెమెరాలో పోయేవి ఎన్నో ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, దారిలో తేల్చుకోవలసినవి కొన్నే. ఫిలిం మీద పడాల్సినంత సేపు వెలుగు పడుతోందా? పడకూడనిచోట పడుతోందా? బొమ్మ కుదురుగా నిలుస్తోందా? రీలు సాఫీగా కదులుతోందా? వీటిలో మొదటిదానికి చెవి చాలు.

పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీకి వెళ్లినప్పుడు ఆ చెవితోనే పని పడింది. పిక్కల్ని ఉడికించేచోట, కాల్చేచోట కెమెరా తీయకపోవడమే మంచిది. జీడితొక్క నూనె చర్మాన్ని కాల్చేంత ఘాటైనది. ఆ పొగ లెన్సుకి పట్టిందంటే ఫొటో మీద ముసుగు వేసినట్టే ఉంటుంది. ఫొటోకి అనువైనచోటు లోపలి హాలు. ఆడవాళ్లు వరసగా కూర్చుని పప్పుకి పొట్టు తీస్తుంటారు, గుండు వేరు, బద్ద వేరు చేస్తుంటారు. కిటికీల్లోంచి పక్కవాటు వెలుగు. 400 స్పీడు ఫిలిం వేసినా, లెన్సు పూర్తిగా తెరిచి 3.5 దగ్గర పెట్టినా, సెకనులో 30వ వంతు కావాలి. మూల కూర్చున్నవాళ్లకి 8వ వంతు పట్టొచ్చు. అక్కడే షట్టర్ మొరాయించింది.

పాత షట్టర్‌ని ఒక సెకను మీద పెట్టి నొక్కితే ‘టక్’మని తెరుచుకుని, లోపల పళ్లచక్రాలు సన్నగా జుయ్యిమంటూ తిరిగి, మళ్లీ ‘టక్’మని మూసుకోవాలి. ఆ జుయ్యి మొదటి నుంచి చివరిదాకా ఒకే శ్రుతిలో ఉండాలి. మధ్యలో నీరసించినా, ఆగి ఆగి కదిలినా, తెరుచుకున్నది మూసుకోకపోయినా లోపలి నూనె చిక్కబడిందని అర్థం. ఇది వయసు తెచ్చే జబ్బు. దుమ్ము, ఉక్కగాలి తోడైతే ముదురుతుంది. ఊరట ఏమిటంటే ఆ చక్రాల మీద భారమంతా నెమ్మది వేగాలది. 60వ వంతు నుంచి పైవేగాలకి అంత ఆధారపడనక్కర్లేదు కాబట్టి అవి చాలాసార్లు నమ్మకంగానే పనిచేస్తాయి. రీలు వేయకముందు వెనక తలుపు తీసి, కెమెరాని కిటికీకి ఎదురుగా పట్టుకుని, లెన్సులోంచి చూస్తూ ఒక్కొక్క వేగం నొక్కితే ఏది బతికుందో, ఏది లేదో కంటికి తెలిసిపోతుంది.

చిక్కుపడిన షట్టర్‌లో లైటర్ పెట్రోలు రెండు చుక్కలు పోస్తే నడుస్తుందని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. నడుస్తుంది, ఆ పూటకి. కరిగిన జిడ్డు షట్టర్ రేకుల మీదికి పాకి మర్నాడు వాటిని ఒకదానికొకటి అంటించేస్తుంది. ఆ రేకులు పొడిగా ఉంటేనే పనిచేస్తాయి. ఎండలో ఆపిన కారులో కెమెరా వదిలేసినా ఇదే గతి. వేడికి నూనె పల్చబడి కారుతుంది.

హాల్లో నాకు మిగిలిన దారి బల్బ్ సెట్టింగు. నొక్కినంతసేపు తెరిచి ఉంటుంది, వదిలితే మూసుకుంటుంది. పళ్లచక్రాలతో నిమిత్తం లేదు. కెమెరాని పిక్కల బస్తా మీద పెట్టాను. ఇక్కడి బస్తా 80 కిలోలు, అంతకంటే కదలని స్టాండు నాకు తెలీదు. లెన్సుని 16కి మూసి, లోపలే సెకను లెక్కపెట్టి వదిలాను. పనిచేసే చేతులు కొంచెం చెదురుతాయి, ముఖాలు నిలుస్తాయి. అక్కడ ఒకావిడ కెమెరా చూసి నల్లబడిన వేళ్లు చెంగు కింద దాచుకుంది. “చేతులూ తియ్యనా అమ్మా?” అని అడిగాను. కాసేపు ఆలోచించి, “తియ్యి బాబూ, ఇవే కదేటి తిండెట్టేవి” అని రెండు చేతులూ ముందుకు చాపింది. అడిగి తీయడానికి ఈ కెమెరా అనువైనది. కళ్లకి అడ్డం పెట్టుకోం కాబట్టి ఎదుటి మనిషి మన ముఖం చూస్తూనే మాట్లాడుతుంది.

ఇసుక, ఉప్పు, ఎండ

అక్కుపల్లి తీరంలో శత్రువు వేరు. రెండు లెన్సులున్న ముందుపలక ఫోకస్ చక్రం తిప్పినప్పుడు ముందుకీ వెనక్కీ జరుగుతుంది. ఆ సందులో ఇసుకరేణువు దూరితే చక్రం తిరుగుతూ గరగరమంటుంది. గరగర వినపడగానే తిప్పడం ఆపెయ్యాలి. పలకని పూర్తిగా బయటికి జరిపి, కెమెరాని బోర్లించి, రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టి, మెత్తటి బ్రష్షుతో దులపాలి. నోటితో ఊదితే తుంపర పడి ఇసుక అంటుకుపోతుంది. రీలు మార్చేది మాత్రం తీరం మీద వద్దే వద్దు. పక్కనే మత్స్యకారుల ఇళ్లుంటాయి, ఏ వసారాలోనైనా కాసేపు కూర్చోనిస్తారు. లోపలి రోలర్ మీద ఒక్క ఇసుకరేణువు నిలిచిందా, రీలు పొడుగునా, 12 ఫొటోల మీదా, రైలుపట్టాలా ఒకే గీత గీసుకుపోతుంది. నెగెటివ్‌ల మీద పొడుగ్గా గీతలుంటే లెన్సుని అనుమానించకూడదు, రోలర్లు తుడుచుకోవాలి.

సముద్రపు తుంపర ఎండితే ఉప్పు పలుకులవుతుంది. పొడిగుడ్డతో రుద్దితే ఆ పలుకులే గాజుని గీస్తాయి. ముందు మంచినీటితో కాస్త తడిపిన గుడ్డ అద్ది ఉప్పుని కరిగించాలి, ఆ తరవాత పొడిగుడ్డ. లెన్సుకి ముందు ఒక ఫిల్టర్ తగిలించి ఉంచితే ఈ బాధంతా దాని మీదే పోతుంది.

నౌపడ ఉప్పు కొఠార్ల దగ్గర మీటరు సంగతి వస్తుంది. ఈ కెమెరాకి వెలుగు కొలిచే మీటరుంది. దానికి వేసే 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీలు ఇప్పుడు దొరకవు. వినికిడి యంత్రాలకి వాడే 675 నంబరు జింక్ బిళ్ల 1.4 వోల్టులిస్తుంది, చుట్టూ చిన్న రింగు పెట్టి వాడుకోవచ్చు. అయినా మంచు కురిసినట్టుండే ఉప్పుగుట్టల ముందు సరైన మీటరు కూడా తప్పే చెబుతుంది. తెల్లదనాన్ని చూసి వెలుగు ఎక్కువైందనుకుని తక్కువ ఇమ్మంటుంది. తెల్లటి ఉప్పు బూడిదరంగుకి దిగిపోతుంది, ఉప్పు గీసే మనిషి నల్లటి నీడైపోతాడు.

స్టూడియోవాళ్ల పాత లెక్క ఇక్కడ దారి చూపిస్తుంది. మబ్బులేని ఎండలో లెన్సు 16 దగ్గర పెట్టు, షట్టర్ వేగం ఫిలిం స్పీడుకి దగ్గరగా పెట్టు. 100 స్పీడు ఫిలింకి 125వ వంతు, 400కి 500వ వంతు. యాభై ఏళ్ల స్ప్రింగు 500 మీద తన మాట నిలబెట్టుకుంటుందన్న నమ్మకం తక్కువ. అందుకని నేను 250 మీద పెట్టి లెన్సుని 22కి మూస్తాను, లెక్క ఒకటే. షట్టర్ కాస్త ఆలస్యంగా మూసుకున్నా బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్ ఆ ఎక్కువ వెలుగుని భరిస్తుంది. తక్కువని మాత్రం భరించదు. కొబ్బరితోట నీడలోకి వెళ్తే రెండు మూడు స్టాపులు తెరవాలి. రావివలసలో ఎండల మల్లికార్జునుడు పైకప్పు లేకుండా ఎండలోనే కొలువుంటాడు. ఆ పేరున్న స్వామి దగ్గర మధ్యాహ్నం మీటరు తీసి చూడాలని ఎవరికీ అనిపించదు.

ఆటోల్లో గతుకులకి ఎగిరిపడ్డాక ఇంకో అనుమానం పుడుతుంది. చూసే లెన్సులో స్పష్టంగా కనిపించిందే తీసే లెన్సు కూడా ఫిలిం మీదికి స్పష్టంగా దించుతోందా? లాడ్జి గదిలో తేల్చుకోవచ్చు. రీలు అయిపోయాక వెనక తలుపు తీసి, ఫిలిం పరుచుకునే చోట, పట్టాల మీద మసక రకం సెల్లో టేపు బిగుతుగా అంటించాలి. లెన్సు పూర్తిగా తెరిచి, బల్బ్ మీద షట్టర్ తెరిచి పట్టుకుని, కెమెరా కిటికీ వైపు తిప్పితే టేపు మీద బయటి లోకం తలకిందులుగా వాలుతుంది. దూరపు కొండ వరసనో సెల్ టవర్‌నో పై గాజుతెర మీద ఫోకస్ చేసి, టేపు మీద కూడా అంత పదునుగా ఉందేమో చూడాలి. భూతద్దం ఉంటే ఇంకా మేలు. తేడా ఉంటే సరిచేయడం దారిలో అయ్యే పని కాదు. ఎంత తేడా ఉందో తెలిస్తే చాలు. లెన్సుని 8కో 11కో మూసి తీస్తే ఆ తేడా చాలావరకు మరుగునపడుతుంది.

టెక్కలి చీకటిగది

తేలినీలాపురంలో ఊరి చెట్ల మీదే పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు గూళ్లు కట్టుకుంటాయి. 80 ఎం.ఎం. లెన్సుతో పక్షుల్ని దగ్గరగా తీయలేం. చెట్టూ, పక్షీ, కింద ఇల్లూ, వాకిట్లో మనుషులూ అన్నీ కలిపి ఒక చదరంలో తీయాలి, అదే బాగుంటుంది కూడా. అక్కడ రీలు సగంలో ఉండగా హ్యాండిల్ బిగుసుకుంది.

హ్యాండిల్ బిగుసుకుంటే బలం చూపించకూడదు. లోపలి పళ్లు అరిగితే మళ్లీ దొరకవు. ముందు చిన్నవి చూడాలి. షట్టర్ బటన్ చుట్టూ ఉన్న తాళం తిరిగి ఉందా? కిందటి ఫొటో నిజంగా పడిందా? షట్టర్ పడకపోతే హ్యాండిల్ కదలకపోవడం సహజం. రెండూ సరిగ్గా ఉన్నా కదలట్లేదంటే లోపల రీలుకేదో అయింది. తలుపు తీస్తే తీసిన ఫొటోలన్నీ మాడిపోతాయి. కావలసింది చీకటి.

టెక్కలిలో పాత స్టూడియో వెతుక్కుంటూ వెళ్లాను. ముందుగది ఇప్పుడు జిరాక్సు, లామినేషన్. వెనక కుర్చీలో పెద్దాయన. బ్యాగులోంచి కెమెరా సగం బయటికి వచ్చిందో లేదో, “ఏటి బాబూ, యాషికాయేనా? ఇంకా నడస్తందేటి?” అంటూ లేచాడు. బిగుసుకుందని చెప్పి హ్యాండిల్ మీద చెయ్యి వేయబోయాను. “ఆగాగు. బలవంతం సెయ్యకు. ముందు ఇననీ.” కెమెరాని చెవికి ఆనించుకుని, హ్యాండిల్‌ని వెంట్రుకవాసి కదిపాడు. “పళ్లు బాగానే ఉన్నాయి. కాయితం ఎక్కడో మడతడింది.”

“డార్క్ రూమ్ ఉందా మాస్టారూ?” అని అడిగాను.

ఉంది. ఫొటో ఫ్రేములు, పాత కేలెండర్లు నిండిపోయి ఉంది. గోడకి ఎర్రబల్బు కనపడి స్విచ్చు మీద చెయ్యి వేస్తే వారించాడు. ఎర్రవెలుగు ప్రింటు వేసే కాగితానికి పనికొస్తుంది గానీ, అన్ని రంగుల్నీ గ్రహించే ఇప్పటి ఫిలింకి అదీ వెలుగే. తలుపు వేసి, గడప కింద గోనెసంచి తొక్కి, ఇద్దరం ఊరికే నిలబడ్డాం. కళ్లు చీకటికి అలవాటు పడాలి. అలవాటు పడ్డాక ముఖం ముందు చెయ్యి ఆడిస్తే కనపడకూడదు, కనపడితే ఆ గది చాలదు. కీలు పక్క సన్నటి వెలుగు చార కనపడింది. దాని మీద నల్లటేపు అంటించి మళ్లీ నిలబడ్డాం. ఆ తరవాతే కెమెరా వెనక తలుపు తీశాడు. చేతివేళ్ల చప్పుడు తప్ప నాకేమీ తెలియలేదు. “ఇదిగో, కాయితం సివర ముద్దైపోనాది” అన్నాడు. ఫొటోలు పడిన భాగాన్ని చేత్తోనే స్పూల్‌కి బిగుతుగా చుట్టి, టేపు వేసి, సిగరెట్ పెట్టె లోపలి రేకు లాంటి వెండికాగితంలో పొట్లం కట్టాడు. స్పూల్ వదులుగా చుట్టుకుంటే అంచుల్లోంచి వెలుగు చొరబడుతుంది. అందుకే రీలు అయిపోయాక తీసేచోట ఎండ ఉండకూడదంటారు.

లైటు వేసి చూస్తే సంగతి తేలింది. అంతకుముందు రీలులో ఫిలింని కాగితానికి పట్టి ఉంచే టేపు ముక్క ఉక్కకి జిగురు కరిగి ఊడి, రోలర్‌కి అంటుకుంది. కొత్త రీలు కాగితం దానికి తగులుకుని మడతపడింది. చిమటాతో లాగితే వచ్చేసింది. స్క్రూడ్రైవర్‌తో పని పడలేదు. ఎవరైనా ఆత్రంగా పక్కపలక విప్పి ఉంటే కెమెరా అక్కడితో సరి.

బాగైందని ఎలా నమ్మడం? ఆయన దగ్గర బిస్కెట్ల డబ్బాలో రీళ్ల వెనక వచ్చే నల్లకాగితాలు దాచి ఉన్నాయి, అంకెలతో సహా. ఒకటి తీసి స్పూల్‌కి చుట్టి, ఫిలిం లేకుండా కెమెరాలో వేశాడు. కాగితం మీది బాణం గుర్తుని కెమెరాలోని గుర్తుకి కలిపి, తలుపు మూసి, ఒకటి నుంచి 12 దాకా తిప్పుతూ హ్యాండిల్ ప్రతిచోటా ఆగుతోందో లేదో చూశాడు. ఆగుతోంది. లెక్క యంత్రమే చెడిపోయిన కెమెరాలకి కూడా ఈ కాగితంతోనే మార్గం చూసేవాడట. తలుపు తెరిచి పెట్టి, ఒక్కో అంకెకి ఎన్ని చుట్లు పడుతున్నాయో రాసుకునేవాడు. స్పూల్ లావెక్కే కొద్దీ చుట్లు తగ్గుతాయి, కాబట్టి మొదటిదానికీ చివరిదానికీ లెక్క వేరు. ఆ చీటీ కెమెరా సంచిలో ఉంటే పెళ్లి మొత్తం తీయొచ్చు.

తరవాత నా షట్టర్‌ని ఒక్కో వేగం మీద విని, కెమెరా తోలు కేసు మూత లోపల చిన్న కాగితం అంటించాడు. ‘1, 2, 4 వద్దు. 8, 15 అనుమానం. 30 నుంచి సరే. 500 నెమ్మది.’ ఆ కేసుని మాత్రం ప్రయాణంలోనే వాడమన్నాడు. ఇంట్లో దాచేటప్పుడు తోలు తడిని పట్టి ఉంచుతుంది, ఫంగస్‌కి అదే కాణాచి. మూతబిగిసే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, అప్పుడప్పుడూ ఆ పొట్లాలు మార్చాలి. ఫిలిం రేకుపొట్లాన్ని కూడా వాడేదాకా విప్పకూడదు. తడి తగిలితే వెనక కాగితం మీది అంకెలు, మచ్చలు ఫొటోల్లోకి దిగుతాయి.

డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. అల్మరా తెరిచి తన నెగెటివ్‌లు చూపించాడు. దుబాయికి, చెన్నైకి, సైన్యానికి వెళ్లేముందు తీయించుకున్న ముఖాలు, పెళ్లిపీటల జంటలు, బడి గ్రూపు ఫొటోలు. అన్నీ 6 సెంటీమీటర్ల చదరాలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస పక్కన తీరం దాటిన తెల్లవారుజామున రేకు లేచిపోయి కొన్ని కట్టలు తడిశాయి. కరెంటు లేని ఆ రోజుల్లో ఆయన చేసిన పని ప్రతి స్టూడియో తెలుసుకోదగ్గది. తడిసి అతుక్కున్న నెగెటివ్‌ల్ని ఆరనివ్వకుండా మంచినీళ్ల బేసినులో ఉంచి, నీళ్లలోనే ఒక్కొక్కటి విడదీసి, దండేనికి క్లిప్పులతో వేలాడదీశాడు. అతుక్కుని ఉండగానే ఆరితే బొమ్మ పొర ఊడిపోతుంది. తడిసినవాటిలో చాలావరకు దక్కాయి.

నేను కెమెరాని వానలకి ముందే సర్వీసుకి పంపుతున్నాను. మెకానిక్కుకి ‘పనిచేయట్లేదు’ అని చెబితే సరిపోదు. మూతలోని కాగితం కాపీ, ఫోకస్ పరీక్షలో చూసిన తేడా, ఏ ఫొటో దగ్గర హ్యాండిల్ బిగుసుకుందీ రాసి జతచేశాను. అది తిరిగి వచ్చేలోగా టెక్కలిలో ఇంకో పని ఉంది. వెలుగు సమంగా పడే తెల్లపలక మీద ఆ నెగెటివ్‌లు పరిచి, పైనుంచి డిజిటల్ కెమెరాతో ఒక్కొక్కటి కాపీ తీయాలి. తడిసిన కట్టల నుంచే మొదలుపెడదామని పెద్దాయన అన్నాడు. ఎవరు ఏ ఊరో, ఏ ఇంటివాళ్లో చెప్పడానికి పక్కన తను కూర్చుంటానన్నాడు.